హంబర్ దగ్గరకి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

అమ్మాయ్,

మార్చి సెలవుల్లో మీ తెలుగు తరగతి పిల్లల్ని మీ టొరంటోలోని హంబర్ నది దగ్గరకి తీసుకెళ్లి నది పాఠం చెబుతావట, మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! కానీ ఆ నెల పేరు వినగానే గుండె దడదడలాడింది, రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

పాఠం నీకు నేను నేర్పక్కర్లేదు. టొరంటోకి ఉత్తరాన ఉన్న ఓక్ రిడ్జెస్ మొరైన్ అంటే ఒకప్పటి మంచుపలకలు కరుగుతూ వదిలేసిన ఇసుక, గులకరాళ్ల గుట్టల వరస అని చెప్పు. అడుగున చిల్లులు పెట్టిన గ్లాసులో ఇసుక పోసి నీళ్లు వంచి చూపించు, ఆగి ఆగి కింద నుంచి బొట్లు పడతాయి. హంబర్ పాయలకి చాలా నీళ్లు ఆ గుట్టల ఊటల నుంచి అలాగే వస్తాయి. గోదావరి 1,465 కిలోమీటర్లు, ఇది సుమారు 100. చిన్నదే అంటారు పిల్లలు, అననీ. బ్రాంప్టన్ పిల్లలుంటే పశ్చిమ హంబర్ అనే పాయ వాళ్ల ఊరి మీదుగానే వస్తుందని, ఆ నీళ్లే చివరికి ఒంటారియో సరస్సులో కలుస్తాయని చెప్పు, కళ్లు పెద్దవి చేసుకుంటారు.

ఇక నా భయం. టొరంటో పడమటి వైపు ఎటోబికోలో మీ అన్నయ్య దగ్గరున్న రోజుల్లో నేనూ ఐదుగురు పిల్లల్ని తీసుకెళ్లా, అదీ మార్చిలోనే. గోదావరిలో ఈత నేర్చినవాణ్ణి, నీళ్ల గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నా. నది మధ్యలో నీళ్లు పారుతున్నాయి, అటు వెళ్లొద్దన్నా. ఒడ్డు గురించి ఒక్క మాట చెప్పలేదు, తెల్లగా మంచు పరుచుకుని నేలలాగే ఉంది మరి. ఎనిమిదేళ్ల పిల్లాడు ఏదో కర్రముక్క తీసుకుందామని రెండడుగులు వేశాడు. అప్పడం విరిగినంత చప్పుడు, అంతే, తొడదాకా దిగిపోయాడు. జాకెట్ పట్టుకుని లాగేశా. బూటొకటి నీళ్లలోనే పోయింది. ఏడవలేదమ్మా వాడు, వణుకుతూ నా మొహంలోకే చూశాడు. నా సాక్సులు విప్పి తొడిగి, కోటులో చుట్టి కారు దాకా ఎత్తుకెళ్లా. వాళ్లమ్మ ముందు నాకు నోరు పెగల్లేదు.

సంగతి తర్వాత తెలిసింది. నీళ్లు ఎత్తుగా ఉన్నప్పుడు పైన గడ్డకడుతుంది, ఆనక నీళ్లు కిందికి దిగిపోతాయి, ఆ గడ్డ మాత్రం ఒడ్డుని పట్టుకుని అరుగులా వేలాడుతుంది. కింద బోలు. పైన మంచు కురిస్తే అసలు కనపడదు.

అందుకని కాలిబాట దిగావంటే ఊరుకోను! చిన్నప్పుడు రేవు మెట్ల మీద నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తినదానివి నువ్వు, నీ సంగతి నాకు తెలీదా. ఆ పిల్లే ఇప్పుడు నది చూపిస్తానంటోందని తలుచుకుంటే కళ్లు చెమ్మగిల్లుతున్నాయి, అది వేరే సంగతి.

నన్నడిగితే సెప్టెంబరు ఆఖర్లో హంబర్ ఒడ్డునే ఉన్న ఓల్డ్ మిల్ దగ్గరకి తీసుకెళ్లు. చినూక్ సాల్మన్ చేపలు సరస్సు నుంచి ఎదురీదుకుంటూ వచ్చి అక్కడి చిన్న ఆనకట్ట మీదికి ఎగురుతాయి, ఒకటి పడిపోతుంది, మళ్లీ ఎగురుతుంది. నది ఎటు నుంచి ఎటు పారుతుందో ఆ చేపే చెబుతుంది. ఆనకట్ట కిందికి మాత్రం ఎవర్నీ దిగనివ్వకు, అక్కడ నీళ్లు సుడి తిరుగుతాయి.

ఇంత మంచి చోట ఇళ్లెందుకు లేవని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు 1954 అక్టోబరు 15 రాత్రి గురించి చెప్పు. హేజెల్ తుఫాను వరదకి రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది పోయారు. ఆ తర్వాతే వరద పారే నేలలో ఇళ్లు కట్టనివ్వకుండా పార్కులు చేశారు.

మార్చిలోనే వెళ్లక తప్పదంటే సంచిలో సాక్సులు నాలుగు జతలు ఎక్కువ పెట్టుకో. పిల్లల్ని ఎక్కడ నిలబెడతావో ముందే ఫోన్ చేసి చెప్పు, ఆ ఒడ్డు నాకింకా గుర్తే.

మీ పెదనాన్న