బోనెట్ తెరిచే ముందు పాస్‌బుక్ తెరవండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. సీజనులో బాగా వస్తుంది, మిగతా నెలల్లో తక్కువ. సగటున నెలకు 90,000 రూపాయల ఆదాయం. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 55,000, ఇంటి లోను వాయిదా 17,000. బ్యాంకులో 4.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. విజయవాడలో ఒక డీలరు దగ్గర 2013 నాటి బీఎండబ్ల్యూ 320డీ, ఢిల్లీ రిజిస్ట్రేషన్‌ది, 7.5 లక్షలకు వస్తోంది. డిపాజిట్‌లోంచి 3.5 లక్షలు తీసి, మిగిలిన 4 లక్షలకు మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి, సీజను అయ్యాక చీటీ పాడి విడిపించాలని ఆలోచన. 20,000 టోకెన్ కూడా ఇచ్చాను. కారులో ఏమేం చూసుకోవాలి?

జవాబు: కారులో ఏం చూడాలో తప్పకుండా చెబుతాను. అయితే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం వేరే ఉంది. పాత లగ్జరీ కారు మీద మనసుపడ్డ వారిలో చాలామంది కొనే ధరనే ఖర్చు అనుకుంటారు. కొత్తలో 30 లక్షల తరగతిలో అమ్ముడైన ఈ కారు ధర ఇప్పుడు 7.5 లక్షలకు దిగింది గానీ, దాని ఇంజెక్టర్ల ధర, గేర్‌బాక్సు ధర, హెడ్‌లైటు ధర ఆ 30 లక్షల కారువే. కొన్న మొదటి ఏడాదిలోనే ఏదో ఒక పెద్ద రిపేరు వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 72,000. ఆరు నెలల అత్యవసర నిధి అంటేనే 4.32 లక్షలు కావాలి. మీ డిపాజిట్ మొత్తం కలిపినా అంత లేదు. మీది నెల జీతం కూడా కాదు. యార్డు మీద ఆధారపడినవారికి తొమ్మిది నెలల ఖర్చు, అంటే దాదాపు 6.5 లక్షలు, పక్కన ఉండాలని నేను పట్టుబడతాను. 2025లో ధరలు పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన రోజులు మీకు నాకంటే బాగా తెలుసు. అలాంటి సీజను మళ్లీ వచ్చిన నెలలోనే ఇంట్లో ఎవరికైనా ఆపరేషను అవసరమైతే, డిపాజిట్‌లో మిగిలే 70,000 రూపాయలు ఒక్క నెల తప్పనిసరి ఖర్చుకే సరిపోవు. నా దృష్టిలో మీ డిపాజిట్ కారు కోసం దాచిన సొమ్ము కాదు, సగంలో ఆగిన అత్యవసర నిధి. దాన్ని కదపవద్దు.

ఇక బంగారం సంగతి. ఏటా విలువ తరిగిపోయే వస్తువు కోసం విలువ నిలిచే వస్తువును తాకట్టు పెట్టడం, ఆ అప్పు తీర్చడానికి చీటీ పాడటం, ఆ చీటీ వాయిదాలు మళ్లీ రాబోయే సీజను నుంచే కట్టాలనుకోవడం, ఇదంతా ఒకే ఒక్క ఆదాయం మీద మూడు అప్పుల బరువు మోపడమే. పది శాతం వడ్డీ లెక్కన చూసినా 4 లక్షల మీద ఏడాదికి 40,000 వడ్డీకే పోతుంది. చీటీలో వదులుకునే పాట సొమ్ము దానికి అదనం. ఇలాంటి ప్రణాళికను నేను ఎవరికీ, ఏ సందర్భంలోనూ సమర్థించను.

నిధి పూర్తయి, కారుకు విడిగా కనీసం రెండు లక్షల రిపేరు డబ్బు చేతిలో ఉన్ననాడు, అప్పు లేకుండా కొనదలిస్తే తనిఖీ ఇలా సాగాలి. డీలరు దగ్గరకు పొద్దున్నే వెళ్లండి. బోనెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు వేడిగా తగిలితే మీకోసం ముందే స్టార్టు చేసి ఉంచారని అర్థం, మరో రోజు వెళ్లాలి. చల్లని ఇంజను స్టార్టయిన తొలి క్షణాల్లో గొలుసు గీరుకున్నట్టు చప్పుడు వస్తుందేమో వినండి. మీరు చూసిన మోడల్‌లోని ఎన్47 డీజిల్ ఇంజనుకు టైమింగ్ చైను (ఇంజను లోపలి భాగాలను కలిపి తిప్పే గొలుసు) వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది కాబట్టి, దాన్ని మార్చాలంటే చైను ధర కంటే ఇంజనునో గేర్‌బాక్సునో దించే కూలీ ఎక్కువవుతుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేవారు అంటారు. ఆ గేర్‌బాక్సు తయారీ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చినట్టు బిల్లు అడగండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు ఏడాదిని చెబుతాయి. స్కానరు పెట్టించినప్పుడు ఒక్క లోపమూ కనబడకపోతే వెంటనే సంతోషించవద్దు, ముందురోజే కారు కంప్యూటరులోని లోపాల కోడ్లు చెరిపారేమో కూడా మెకానిక్కును చూడమనండి. కిలోమీటర్ల లెక్కను డ్యాష్‌బోర్డు నుంచి కాక, ఛాసిస్ నంబరు మీద కంపెనీ సర్వీసు సెంటరులో ఉన్న చరిత్ర నుంచి తీసుకోండి.

విజయవాడలో కొంటున్నారు కాబట్టి ఇంకొకటి తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది నా క్లయింటు ఒకరితో కలిసి ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. అద్దంలా మెరుస్తున్న జర్మన్ కారు అది, సీట్లకు కొత్త కవర్లు వేశారు. మెకానిక్కు ఇంజను జోలికే పోకుండా డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగారు. ఆఖరి జానెడు మేర గోధుమరంగు మరక, దాని అంచున ఎండిన బురద గీత కనిపించాయి. తర్వాత తివాచీ అంచు ఎత్తితే కింది స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది. ఇలాంటి కార్లలో కొన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు ఆ తివాచీల కిందే ఉంటాయి. మా క్లయింటు మారుమాట లేకుండా బయటకు నడిచారు. మీరు చూసిన కారు ఢిల్లీ నుంచి ఎప్పుడు వచ్చిందో, ఆ సెప్టెంబరులో ఎక్కడ ఉందో అడిగి తెలుసుకోండి.

కాగితాల విషయానికొస్తే, పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టినప్పటి నుంచి ఢిల్లీ పాత డీజిళ్లు ఇటు చవకగా వస్తున్నాయి. అక్కడి రవాణా శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) లేకుండా ఇక్కడ మీ పేరున రిజిస్ట్రేషను కాదు. పైగా ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. 7.5 లక్షల్లో అది కలిసి ఉందో లేదో మీరు రాయలేదు. 2028లో కారుకు పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ పరీక్షతో రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. ఆర్‌సీలో పాత ఫైనాన్సు తొలగించారా, చలాన్లు ఉన్నాయా అన్నది ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవాలి. ఇంత పాత కారుకు జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల మీద తరుగు కోయకుండా క్లెయిము ఇచ్చే పాలసీ, సాధారణంగా దొరకదు. పదేళ్లు దాటిన బండికి క్లెయిములో లోహపు భాగాల మీద సగం తగ్గిస్తారు, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద కూడా అంతే. మిగిలిన సగం మళ్లీ ఆ అత్యవసర నిధి నుంచే రావాలి.

కుటుంబానికి కారు నిజంగా అవసరమైతే, మూడు నాలుగేళ్ల వయసున్న మామూలు హ్యాచ్‌బ్యాక్ చూసుకోండి. ఈ బీఎండబ్ల్యూకు మాత్రం ఇప్పుడు వద్దనే నా సలహా. టోకెన్ రసీదులో ఎన్‌ఓసీ, పేరు మార్పిడి డీలరు బాధ్యత అని రాసి ఉండి, ఆ కాగితాలు ఆయన చూపించలేకపోతే 20,000 వెనక్కి అడిగే హక్కు మీకు ఉంటుంది. రసీదులో ఏమీ లేకపోయినా ఒకసారి గట్టిగా అడగండి, రాకపోతే వదులుకోండి. ఆ 20,000 కోసం మరో ఏడు లక్షలు పెట్టవద్దు.