సూర్యుడి వేడి గురించి రాసే ముందు

బిడ్డా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "భగభగ మండే అగ్నిగోళం" అన్నావు, ఆ వెంటనే 5,500 డిగ్రీలు, తర్వాత కోటిన్నర, ఆ తర్వాత పది లక్షలు. అంకెలు ఏవీ తప్పు కాదు. కానీ పరకాలలో మీ అమ్మ ఈ పేజీ చదివితే, ఇంతకీ ఇందులో సూర్యుడి వేడి ఏదిరా అని నిన్నే అడుగుతుంది. ఆ ప్రశ్న నువ్వు ముందే వేసుకోవాలి. ఎక్కడి వేడి?

ముందు ఆ "మండే" మాట తీసెయ్. సూర్యుడు మండట్లేదు. మన సింగరేణి బొగ్గు లాంటిదే అంత పెద్ద కుప్ప అయ్యుంటే, అంత వెలుగు ఇచ్చుకుంటూ కొన్ని వేల ఏళ్ళకే బూడిదయ్యేవాడు, కానీ ఆయన వయసు దాదాపు 460 కోట్ల ఏళ్ళు. నడిమధ్యలో, ఆ కోటిన్నర డిగ్రీల దగ్గర, భయంకరమైన ఒత్తిడిలో హైడ్రోజన్ కలిసిపోయి హీలియం అవుతోంది. సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ అట్లా మారుతుంది, అందులో 40 లక్షల టన్నుల పైచిలుకు పదార్థం శక్తిగా మారిపోతుంది. ఈ ఒక్క సంగతికే నీ వ్యాసంలో ఒక పేరా ఇవ్వొచ్చు, నువ్వు అర వాక్యంలో దాటేశావు.

ఇక 5,500. అది మన కంటికి కనిపించే పైభాగం వేడి. అక్కడికి ఎవరూ థర్మామీటర్ పట్టుకుని పోలేదు కదా, మరి ఎట్లా తెలిసింది? నువ్వు చెప్పలేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో కొలిమి దగ్గర తిత్తి ఊదడానికి నేను కూర్చునేవాణ్ణి. కమ్మరి తాత నాగలి కర్రును నిప్పుల్లో పెట్టి, దాని రంగునే చూస్తుండేవాడు. ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. "ఆగు, ఇంకా రాలేదు" అనేవాడు. రంగు కుదిరాకే పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టి సమ్మెట వేయించేవాడు. సూర్యుణ్ణి చూసే శాస్త్రవేత్తలదీ అదే పని, కాకపోతే వాళ్ళు వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు దగ్గర ఎక్కువ ప్రకాశం ఉందో కొలుస్తారు, వేడి పెరిగేకొద్దీ ఆ చోటు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. సూర్యుడి మీది మచ్చలు నల్లగా కనబడటం కూడా ఇక్కడే చెప్పు. అవి దాదాపు 3,500 డిగ్రీల్లో ఉంటాయి, చుట్టుపక్కల కన్నా తక్కువ కాబట్టి నల్లగా ఆనుతాయి, అంతే.

పది లక్షలు అన్నది పైన ఉండే కరోనా సంగతి, గ్రహణమప్పుడు తెల్లగా పరుచుకుని కనిపించే పొర. పొయ్యికి దూరం జరిగితే వేడి తగ్గాలి, ఇక్కడ పెరుగుతోంది! ఎందుకన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి పరిశీలించడానికి బయల్దేరిన ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 చూస్తున్న వాటిలో ఇదీ ఒకటి. అయితే పది లక్షల డిగ్రీలు అనగానే చదివేవాళ్ళు హడలిపోతారు, వాళ్ళకు దీపావళి కాకరపువ్వొత్తి గుర్తు చెయ్. దాని రవ్వలు వెయ్యి డిగ్రీలు దాటిన వేడి, చేతి మీద పడితే చురుక్కుమంటుంది, అంతే. అదే గంజులో మరిగే నీళ్ళు వంద డిగ్రీలే, పడితే తోలు ఊడుతుంది. కరోనా చాలా పలచన, రవ్వల లాంటిది. వేడి ఎంత అన్నదీ, ఎంత పదార్థంలో ఉంది అన్నదీ వేరు వేరు సంగతులు.

ఇంకొకటి. మే నెలలో సూర్యుడు మనకు దగ్గరికొస్తాడని రాశావు, అది కొట్టేయాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలేటంత ఎండ, రామగుండంలో 45 దాటే రోజులు, అప్పుడు ఆయన దూరం జరుగుతూనే ఉంటాడు. అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్లు, మనం చలికి స్వెట్టర్లు వేసుకుని తిరిగేటప్పుడు. భూమి వాలు వల్ల మే నెలలో కిరణాలు నిటారుగా పడతాయి, పగలూ పొడుగు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆరబోసిన మిర్చి పక్కన మిట్ట మధ్యాహ్నం ఒకసారి నిలబడి నీ నీడ ఎంత పొట్టిగా ఉందో చూసి, వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఆ 5,500 రెండో పేరాకు రానీ, తొందరేం లేదు. తిరగరాసింది పట్టుకుని ఆదివారం హన్మకొండ రా, ఇద్దరం కూర్చుని చదువుదాం.