ఎడమచేత్తో రాసే అమ్మాయి వాచీ ఏ చేతికి పెట్టుకోవాలి?

ఏడవ తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఎడమచేత్తో రాస్తుందనీ, కొత్త వాచీని కుడిచేతికి పెట్టుకుంటే ఇంట్లో పెద్దవారు ఒప్పుకోవడం లేదనీ, అసలు వాచీ ఎడమచేతికే ఎందుకు పెట్టుకోవాలనీ మీరు అడిగారు. నాది కూడా ఎడమచేతి వాటమే. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను కనుక రోజంతా రాత పనే. ముప్పై ఏళ్ళుగా వాచీ పెట్టుకుంటున్నాను, చాలా కాలం ఈ చేతికీ ఆ చేతికీ మారుస్తూ గడిపాను.

ముందు పెద్దవారి మాటకు కారణం చెబుతాను. జేబు గడియారాల కాలంలో కీ తిప్పే పిడి ఎక్కువగా పన్నెండు అంకె పైన, గొలుసు తగిలించే చోట ఉండేది. గడియారం మణికట్టు మీదికి వచ్చాక ఆ పిడి మూడు అంకె పక్కన స్థిరపడింది. 1904లో గాలిఓడలు నడిపే సాంతోస్ ద్యుమోఁ అనే ఆయన కోసం పారిస్‌లో నగల వ్యాపారి కార్తియే తయారుచేసిన చేతి గడియారం ప్రసిద్ధమే కానీ, మగవారు ఆడవారి ఆభరణంగా చూసిన ఈ వస్తువు అందరి చేతికీ ఎక్కింది 1914-18 యుద్ధంలో సైనికులు వాడడం మొదలుపెట్టాకనే. లోకంలో పదిమందిలో తొమ్మిదిమంది కుడిచేతి వాటం వారు. వాచీ ఎడమ మణికట్టు మీద ఉంటే మూడు అంకె అరచేతి వైపుకు వస్తుంది, కుడిచేతి రెండు వేళ్ళకు కీ నేరుగా అందుతుంది, బెల్టు బిగించడం కూడా నేర్పరి చేయి చేస్తుంది, పనిచేసే చేతికి తగిలే దెబ్బలు వాచీకి తగలవు.

దీన్ని నేను చిన్నప్పుడు మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీతోనే తెలుసుకున్నాను. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో 1961లో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు మా నాన్నగారి తరానికి ఉద్యోగం వచ్చిందనడానికి గుర్తు. ఆయన రోజూ స్నానం కాగానే వాచీ పెట్టుకుని, దాన్ని చేతికి ఉంచుకునే కీ ఇచ్చేవారు. ఒకనాడు ఆ వాచీని నా కుడిచేతికి కట్టుకుని ఎడమచేత్తో కీ ఇవ్వబోతే కీ మోచేయి వైపుకు తిరిగి ఉంది, వేళ్ళు ఎటు వంచినా అందలేదు. వాచీ విప్పి ముందుపెట్టుకుంటే సులువుగా తిరిగింది. నిజానికి ఏ చేతివాటం వారైనా కీ వాచీని విప్పి కీ ఇవ్వడమే మంచిది. చేతికి ఉండగా తిప్పితే కీ పుల్ల మీద పక్కకు ఒత్తిడి పడుతుంది.

బ్యాటరీ వాచీలు వచ్చాక ఈ కారణం పలచబడింది. 1969లో జపాన్ సంస్థ సేకో, బ్యాటరీతో నడిచే తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. మన దగ్గర 1987 తర్వాత టైటాన్ వాటిని ఇంటింటికీ తెచ్చింది. ఇప్పుడు సమయం సరిచేయడానికి తప్ప కీ ముట్టుకునే పనే లేదు. కాబట్టి మీ అమ్మాయి కుడిచేతికి పెట్టుకుంటే వాచీకి జరిగే నష్టమేమీ లేదు.

అయితే మన ఇళ్ళలో ఇంకొక కారణం ఉంది, అది కీ కంటే బలమైనది. మనం అన్నం కుడిచేత్తో కలుపుకుని తింటాం. రాత విషయంలో మా నాన్నగారు నన్ను ఎవరినీ ఒక్క మాట అననివ్వలేదు కానీ, అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాలని అమ్మమ్మ పట్టుబట్టి నేర్పింది. ఇవ్వడం, పుచ్చుకోవడం కూడా ఆ చేత్తోనే. ఎడమచేతి వాటం ఉన్న తెలుగు పిల్లలు చాలామంది ఇలాగే పెరుగుతారు. కుడిచేతి వాటం వారికి ఎడమ మణికట్టు రోజంతా ఖాళీ. మాకు రాసేది ఒక చేయి, తినేది ఇంకొక చేయి, ఖాళీ చేయి అంటూ లేదు.

కళాశాలలో చేరిన కొత్తలో అందరిలాగే ఎడమచేతికి పెట్టుకున్నాను. పేజీ సగం రాసేసరికి కీ అరచేతి వెనుకవైపు గుచ్చుకుని ఎర్రటి గుంట పడేది, బెల్టు బకిల్ బల్లకు రాసుకునేది. డయలు లోపలివైపుకు తిప్పి కట్టుకుంటే అద్దమే బల్లకు గీసుకుపోయింది. కుడిచేతికి మార్చాక రాత హాయిగా సాగింది కానీ, భోజనం తర్వాత చేయి కడిగిన ప్రతిసారీ తోలు బెల్టు తడిసి, నెల తిరిగేసరికి వాసన పట్టింది. దాంతో తినేముందు విప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక పెళ్ళిలో అలా విప్పి చేతులు కడుక్కునే కుళాయిల గట్టు మీద పెట్టి, పంక్తిలో కూర్చుని లేచి వచ్చేసరికి వాచీ లేదు. అది నేను ఇంటర్ పాసైనప్పుడు మా నాన్నగారు కొనిచ్చిన వాచీ. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆ తర్వాత కుదిరిన పద్ధతే మీ అమ్మాయికీ చెబుతున్నాను. వాచీ కుడిచేతికే పెట్టించండి, తోలు బెల్టుకు బదులు స్టీలు చైను గానీ రబ్బరు పట్టీ గానీ వేయించండి. చైను మరీ బిగుతుగా కాకుండా, భోజనానికి కూర్చున్నప్పుడు రెండు వేళ్ళ మందం పైకి జరిగేంత వదులు ఉంచమని దుకాణంలో చెప్పండి. అప్పుడు విప్పే పనే ఉండదు. నీటికి తట్టుకునే వాచీ అయితే మరీ మంచిది. కీ ఎడమవైపు ఉండే వాచీలు కూడా ఉన్నాయి (2022లో రోలెక్స్ సైతం ఒకటి తెచ్చింది), కానీ బడి పిల్లకు వాటికోసం వెతకనక్కరలేదు. స్మార్ట్ వాచీ కొంటే చాలావాటిలో ఏ చేతికి పెట్టుకున్నారో ఎంచుకునే అమరిక ఉంటుంది, దాన్ని మరచిపోకండి.

ఇక పెద్దవారి మాట. వాచీ మన సంప్రదాయం కంటే చాలా కొత్తది, దానికి విధి నిషేధాలు లేవు. సంప్రదాయం నిజంగా ఒక చేతిని పేర్కొన్నచోట నేనూ పాటిస్తాను. వరలక్ష్మీ వ్రతంలో తొమ్మిది ముడుల తోరాన్ని "దక్షిణే హస్తే" అంటూ కుడిచేతికి కట్టుకుంటాం కనుక, ఆ రోజు వాచీ తీసి ఎడమచేతికి పెట్టుకుంటాను. మరునాడు కళాశాలకు వెళ్ళేముందు మళ్ళీ కుడిచేతికి మారుస్తాను, తోరం పక్కనే. ఈ సంగతి మీ ఇంట్లో పెద్దవారికి చెప్పి, మీ అమ్మాయి చేత వాళ్ళ ఎదురుగానే ఒక పేజీ ఎడమచేతికి వాచీతో, ఒక పేజీ కుడిచేతికి వాచీతో రాయించి, ఆ ఎడమచేతి వెనుకవైపు చూపించండి.