అమ్మమ్మ దగ్గరికి వెళ్లే డబ్బు దాచుకోవాలా, ఇప్పుడే ఖర్చు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మమ్మకు 86 ఏళ్లు. నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు మామయ్య, అత్తయ్యల దగ్గర ఉంటోంది. ఈ ఏడాది రెండుసార్లు జారిపడింది, మనిషి బాగా తగ్గిపోయింది. మేం దూరంగా ఉంటాం. మావారు, ఇద్దరు పిల్లలతో వెళ్లి రావాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది కాబట్టి మూడు నెలలకోసారి వెళ్తున్నాం. ఎప్పుడైనా సీరియస్ అయితే పనికొస్తాయని డబ్బు, సెలవులు రెండూ దాచుకుంటున్నాం. వైద్య ఖర్చులు పంచుకోమని మామయ్య అడిగారు. అమ్మమ్మేమో తన డిపాజిట్‌లో నా పేరు పెట్టిస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు డబ్బు దాస్తున్నది చివరి ప్రయాణం కోసం. ఆ రోజు మీరు వెళ్లేసరికి అమ్మమ్మ మిమ్మల్ని గుర్తుపట్టే స్థితిలో ఉండకపోవచ్చు. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది: ఆవిడ మీతో కబుర్లు చెప్పగలిగిన రోజులకే మీ డబ్బులో పెద్ద వాటా వెళ్లాలి.

దానికి ఖర్చు పెరగాల్సిన పని లేదు. ఇప్పుడు ఏడాదికి నాలుగుసార్లు, నలుగురు వెళ్తున్నారు. అంటే 16 టికెట్లు. ఒక్కోసారి మూడు రోజులు ఉంటారనుకుంటే ఏడాది మొత్తానికి ఆవిడ దగ్గర గడిపేది 12 రోజులు. అలా కాకుండా రెండుసార్లు అందరూ కలిసి వెళ్లండి, ఆరుసార్లు మీరొక్కరే వెళ్లండి. 14 టికెట్లతో అయిపోతుంది. ఒక్కరే వెళ్లినప్పుడు శని, ఆదివారాలు మాత్రమే ఉన్నా మొత్తం 18 రోజులవుతాయి. నలుగురూ ఒకేసారి దిగితే అత్తయ్యకు పని, పెద్దావిడకు అలసట. మీరొక్కరే వెళ్తే ఆ మంచం పక్కన కుర్చీ వేసుకుని తీరిగ్గా కూర్చోవచ్చు.

ఆ 14 టికెట్ల ఖర్చును పన్నెండుతో భాగించి, జీతం పడిన రోజే ఇంటి అద్దె తీసినట్టు వేరే ఖాతాలో వేసేయండి. నెలాఖరుకు మిగిలితే వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. అత్యవసరానికి మాత్రం అందరూ అప్పటికప్పుడు బయల్దేరడానికి సరిపడా డబ్బు, హెచ్చు చార్జీల లెక్కన, మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. అర్ధరాత్రి కూడా తీసుకోగలిగేలా ఉండాలి. అంతకుమించి దాని కోసం దాచొద్దు. సెలవులు కూడా ఓ వారం పక్కన పెట్టి మిగతావి ఇప్పుడే వాడండి.

వెళ్లినప్పుడు కొన్ని గమనించండి. మా తాతగారి విషయంలో నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఫోన్‌లో ఎప్పుడడిగినా 'బాగానే ఉన్నాను' అనేవారు. ఒకసారి వెళ్లి చూస్తే వారాల గళ్లున్న మాత్రల డబ్బాలో సోమవారం నుంచి గురువారం దాకా మాత్రలు అలాగే ఉన్నాయి. టీవీ కింద విప్పని కరెంటు బిల్లులు నాలుగు. వృద్ధులు తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలరో తెలుసుకోవడానికి 1969లో లాటన్, బ్రోడీ అనే అమెరికన్ పరిశోధకులు ఒక కొలమానం తయారుచేశారు. ఫోన్ వాడటం, వంట, బట్టలు ఉతుక్కోవడం లాంటి ఎనిమిది పనులుంటాయి అందులో. మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం కూడా వాటిలోవే. ఈ రెండింట్లో తడబాటు కనిపిస్తే ఖర్చు పెరిగే రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

మామయ్య అడిగింది న్యాయమే. కాకపోతే ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడల్లా పంపడం కన్నా, నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని క్రమం తప్పకుండా పంపండి. అందులో మొదటి వాటా మూడోసారి పడకుండా చూడటానికి వెళ్లాలి. బాత్రూంలో పట్టుకునే కడ్డీలు, రాత్రంతా వెలిగే చిన్న లైటు, జారని చెప్పులు, ఫిజియోథెరపీ. పది రోజులు మంచం మీదే ఉంచితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా కాళ్లలో దాదాపు కిలో కండ కోల్పోయారని 2007లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో తేలింది. మీ అమ్మమ్మకు కోల్పోవడానికి అంత కండ కూడా ఉండి ఉండదు. ఆసుపత్రి ఖర్చు ముందు గోడకు కొట్టించే కడ్డీ ఖర్చు ఏ మూలకు?

ఇంకో వాటా అత్తయ్య కోసం. రాత్రిళ్లు లేచి అమ్మమ్మను బాత్రూంకి తీసుకెళ్లేది, దుప్పట్లు మార్చేది ఎవరో మీకు తెలుసు. ఆ చాకిరీకి ఎవరూ బిల్లు వేయరు. వారానికి రెండు రోజులైనా సహాయకురాలిని పెట్టి ఆ జీతం మీరివ్వండి. మామయ్యతో మాట్లాడే ముందు అత్తయ్యను అడగండి, ఏ రోజులు కావాలో.

డిపాజిట్‌లో పేరు సంగతి. ప్రేమతో అంటోంది, కాదనడం కష్టమే. అయినా మామయ్యకు తెలియకుండా సంతకం పెట్టించుకోవద్దు. రేపు ఆసుపత్రి ఖర్చు మీద పడినప్పుడు ఆ డబ్బు ముందు ఆవిడకే అవసరమవుతుంది. ఖాతాలో ఎవరి పేరున్నా, మిగిలింది ఎవరికి చెందాలన్నది మీరు ఉండే చోటి చట్టం చెబుతుంది. ఆవిడకు ఎవరికైనా ఇవ్వాలని ఉంటే మనసు స్పష్టంగా ఉన్న ఈ రోజుల్లోనే, లాయర్ ఎదుట, అందరికీ తెలిసేలా వీలునామా రాయించండి. ఆవిడ తరఫున సంతకాలు చేసే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మనిషి పోయాక చెల్లదు. మతి తప్పాక కూడా చెల్లేలా రాయించుకునే వీలుందో లేదో ఆ లాయర్‌నే అడగండి.

అదే ప్రయాణంలో ఆవిడ్ని ఇంకొకటి అడగండి. పరిస్థితి విషమిస్తే ఐసీయూలో ఉండాలనుకుంటోందా, ఇంట్లో మీ అందరి మధ్య ఉండాలనుకుంటోందా? నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ వైద్యం ఆఖరి వారంలో మొదలుపెట్టేది కాదు, ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఆవిడ ఏమందో మామయ్య వింటుండగా రాసిపెట్టండి. ఆసుపత్రి కారిడార్‌లో అప్పు తెచ్చి మరీ చికిత్స కొనసాగించాలా వద్దా అని మీరు తల పట్టుకునే వేళ ఆ కాగితం అక్కరకొస్తుంది.

పిల్లల పరీక్షలయ్యే దాకా ఆగకండి. ఈ శనివారానికి ఒక్క టికెట్ తీసుకోండి.