1500డీకి తక్కువ ఖర్చులో, తేలిగ్గా ఉండే వైడ్ లెన్స్ ఏది?

రాయగడ తమ్ముడూ, నీ దగ్గర కెనాన్ 1500డీ, దాంతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ ఉన్నాయి. ఈ ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది. ఇంట్లో ఫంక్షన్లకి అందరూ ఫ్రేములో పట్టడం లేదు, బ్యాగు బరువెక్కకూడదు, ఎక్కువ డబ్బు పెట్టలేను అన్నావు. అయితే ఈఎఫ్-ఎస్ 10-18 ఎస్‌టీఎం చూడు. 2014లో వచ్చింది, బరువు 240 గ్రాములు. 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్-ఎస్ 10-18 మాత్రం మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం చేసింది, అది నీ బాడీకి ఎక్కదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పేరు పూర్తిగా చదువు.

నేనుండేది పర్లాకిమిడి. మా వీధిలో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని, సన్నగా పొడుగ్గా ఉంటాయి. నలుగు పెట్టేటప్పుడు పెళ్లికూతురు పీట మీద, చుట్టూ అత్తలూ పిన్నులూ. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ. 18 దగ్గర ఎవరో ఒక మేనత్త సగానికి తెగిపోతుంది, ఆ మాట వచ్చే పెళ్లి దాకా అంటూనే ఉంటుంది. నీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 18 అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ కెమెరాలో) 29 లెక్క, 10 అంటే 16 లెక్క. 74 డిగ్రీలు పట్టేది 107 డిగ్రీలు పడుతుంది.

అలాగని మనుషుల్ని 10లో తీయకు. చివర్న ఉన్నవాళ్ల మొహాలు సాగిపోతాయి, చేతులు లావెక్కుతాయి. నేను 13, 14 దగ్గరే ఆగుతాను. కెమెరా ఛాతీ ఎత్తులో, పైకీ కిందికీ వంచకుండా పట్టుకుంటే గోడలు కూడా ఒరగవు. కాస్త ఒళ్లున్నవాళ్లని మధ్యలో నిలబెట్టు, లేదంటే ఇంట్లో గొడవే.

దీని లోటల్లా వెలుతురు. లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది చిన్నదైతే వెలుతురు ఎక్కువ. దీనికి ఎఫ్/4.5 నుంచే మొదలు. లెన్స్‌లో ఉండే ఐఎస్ (కుదుపు తగ్గించే ఏర్పాటు) నీ చెయ్యి వణుకుని ఆపుతుంది కానీ గెంతే పిల్లాణ్ణి ఆపదు. కెమెరా మీది బుల్లి ఫ్లాష్ వేస్తే ఫోటో అడుగున లెన్స్ నీడ నల్లగా పడుతుంది. విడి ఫ్లాష్ ఉంటే తెల్లటి శ్లాబుకి కొట్టు. పెంకుటిల్లయితే వెలుగు పైకెళ్లి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఐఎస్ఓ (తక్కువ వెలుతుర్లో ఫోటోని ప్రకాశవంతం చేసే సెట్టింగ్) 3200 పెట్టుకోవడమే.

24 ఎఫ్/2.8 పాన్‌కేక్ (పల్చటి లెన్స్) ముచ్చటగా 125 గ్రాములే, కానీ 18 చాలనివాడికి 24 ఎందుకు? టోకినా 11-16 ఎఫ్/2.8కి వెలుతురు బాగా వస్తుంది, బరువు మాత్రం అర కేజీ పైనే. కిట్ లెన్స్‌కి ముందు బిగించే 58 ఎంఎం వైడ్ కన్వర్టర్ల జోలికి వెళ్లకు, అంచులన్నీ అలుక్కుపోతాయి.

సెకండ్ హ్యాండ్ అయితే బరంపురంలో దొరుకుతాయి. సముద్రం గాలి కదా, ఫంగస్ పడుతుంది. ఫోన్ టార్చ్ వేసి వెనకనుంచి లోపలికి చూడు, సాలెగూడులా తెల్లటి దారాలుంటే వద్దను. ఇటుక గోడని ఎఫ్/8లో తీసి నాలుగు మూలలూ జూమ్ చేసి చూసుకో, ఒక మూల మాత్రమే మసకగా ఉంటే కింద పడ్డ లెన్స్ కావచ్చు. కెమెరా ఆఫ్‌లో ఉండగా ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ కదలదు. అది పాడవడం కాదు, మోటారుతో నడిచే రింగ్.