ఊరు కట్టే ముందు నీళ్ళు చూడు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన హాస్య నవల మొదటి అధ్యాయం చదివాను. నీ మాంత్రికుల నగరానికి పేరు బాగా కుదిరింది, ఎగిరే మేడలూ బాగున్నాయి. కానీ ఆ మేడల మీదికి పొద్దున్నే బిందెడు నీళ్ళు ఎవరు మోస్తున్నారో ఎక్కడా రాయలేదు. అక్కడెవరికీ ఏ ఇబ్బందీ లేదు, అందుకే నవ్వు రావడం లేదు. ఇన్నేళ్ళుగా హాస్య కథలు రాస్తూ నేను గట్టిగా నమ్మింది ఇదే.

దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన కాలవలు చూడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీళ్ళు వెళ్తాయి. గోదాట్లో నీళ్ళు తగ్గిన ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతుల వారీగా వదులుతారు. ఎగువ చేలు ముందు తడుస్తాయి, కాలవ చివరనుండే శివారు రైతు రాత్రంతా గట్టు మీద కాపలా కాస్తాడు. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు.

ఇప్పుడు ఆ కాలవల్లో నీళ్ళ బదులు మంత్రం పారుతోందనుకో! శివారు పేటలో ఒక మంత్రగాడు ఎవరినో కప్పగా మారుస్తుంటే సగంలో వంతు అయిపోతుంది. ఆ సగం కప్ప లాకుల దగ్గరికెళ్ళి అర్జీ పెట్టుకుంటాడు. ఎగువన ఎవరో రాత్రిళ్ళు మోటారు పెట్టి దొంగతనంగా మంత్రం తోడేస్తుంటారు. కాలవలు కట్టేసే ముందు ఎగిరే మేడలన్నీ కిందికి దించాలి. ఎవరి చేలో దించాలి? అద్దె ఎవరిస్తారు? ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక అధ్యాయం.

యానాం సంగతీ ఆలోచించు. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిది, చుట్టూ మాత్రం మన జిల్లాలే. నీ నగరం నడిమధ్యన కూడా వేరే రాజుగారి వీధి ఒకటి పెట్టి, అక్కడ మంత్రం మీద పన్ను తీసెయ్యి.

నది మీద మాత్రం వంతెన వెయ్యకు, జనాన్ని రేవు దాటించే పంటు నడుపు. దయ్యం, పన్నుల గుమాస్తా, పెళ్ళికూతురు ఒకే పంటు మీద నిలబడాలి. అవతలి రేవు వచ్చేదాకా ఎవరూ దిగిపోలేరు కాబట్టి మాట్లాడుకోక తప్పదు.

ఇంకో మాట. పల్లకీ మోసేవాడి యాస మీద రాసిన జోకులన్నీ కొట్టెయ్యి. మన యాసని అలా వాడుకున్నప్పుడల్లా నాకు కడుపు మండేది. నీ ఊళ్ళో వాళ్ళకి వాళ్ళ బతుకు వేళాకోళం కాదు. రేపు పెళ్ళిచూపులు పెట్టుకుని సగం కప్పగా మిగిలినవాడికి ఎంత టెన్షన్! ముందు నీకు వాడి మీద జాలి కలగాలి. అప్పుడు చదివేవాళ్ళు నవ్వుతారు, వాడి వైపే ఉంటారు కూడా.

రెండో అధ్యాయం ఇప్పుడే మొదలెట్టకు. ముందు నక్షా గీసి పంపు. మంత్రం కాలవ తల ఎక్కడో, శివారు ఎక్కడో, పంటు రేవు ఎక్కడో గుర్తులు పెట్టు. అమ్మని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య