స్లర్రీ పంపుకు అల్యూమినా స్లీవ్ సరే, షాఫ్ట్ మొత్తం అల్యూమినాతో చేయవచ్చా?

గ్రానైట్ స్లర్రీ (రాతిపొడి కలిసిన నీరు) తోడే పంపులో, షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మీద తొడిగిన ఈఎన్24 అనే మిశ్రమ ఉక్కు స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) త్వరగా అరిగిపోతోందనీ, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) సెరామిక్ అంతకన్నా గట్టిది, తేలికైనది కనుక షాఫ్ట్‌ను కూడా దానితోనే చేయించవచ్చా అనీ మీరు అడిగారు. చీమకుర్తి పాలిషింగ్ యూనిట్‌లో ఇలాంటి పంపుల నిర్వహణ చూసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను: స్లీవ్‌కు అల్యూమినా వాడండి, షాఫ్ట్‌ను మాత్రం ఉక్కుతోనే ఉంచండి.

మీరు చూసిన అంకెలు నిజమే. వికర్స్ కొలమానంలో గట్టిదనం అల్యూమినాకు 1500 పైన ఉంటే, క్వెంచ్ చేసి (కాల్చి ఒక్కసారిగా చల్లార్చి) టెంపర్ చేసిన (మళ్లీ కొంత వేడి చేసిన) ఈఎన్24కు సుమారు 300. సాంద్రత అల్యూమినాకు ఘన సెంటీమీటరుకు 3.9 గ్రాములు, ఉక్కుకు 7.85. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా అది గాబ్రో జాతి శిల. అందులోని ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ రెండూ ఈ ఉక్కు కన్నా గట్టివి, అల్యూమినా కన్నా మెత్తనివి. రాపిడి చేసే రేణువు కన్నా ఉపరితలం గట్టిదైతే అరుగుదల ఒక్కసారిగా పడిపోతుంది. మా దగ్గర సెరామిక్ స్లీవ్‌లు ఉక్కువాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదే. అయితే పాలిషింగ్‌కు వాడే సానరాళ్ల నుంచి రాలే సిలికాన్ కార్బైడ్ అల్యూమినా కన్నా గట్టిది కనుక, ఆ మడ్డి కలిసే పంపులో ఈ లాభం కొంత తగ్గుతుంది.

షాఫ్ట్ సంగతి వేరు. తిరిగే షాఫ్ట్ వంగినప్పుడు దాని ఉపరితలంలోని ప్రతి బిందువు ఒక్కో చుట్టులో ఒకసారి సాగదీతకు, ఒకసారి నొక్కుడుకు లోనవుతుంది. నొక్కుడులో 2000 మెగాపాస్కల్‌లు దాటినా ఓర్చుకునే అల్యూమినా, వంగుబాటులో 300–400 దగ్గరే విరిగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది పగులును ఆపే శక్తి: మెగాపాస్కల్–రూట్ మీటర్లలో అది అల్యూమినాకు సుమారు 4, ఈఎన్24కు 80 అనుకుందాం. 300 మెగాపాస్కల్‌ల సాగదీత కింద లెక్క వేస్తే ఉక్కులో దాదాపు 22 మిల్లీమీటర్ల పగులు వరకు ప్రమాదం రాదు, అల్యూమినాలో 0.06 మిల్లీమీటరు చాలు. కంటికి సరిగా ఆనని ఆ లోపం గ్రైండింగ్‌లోనే పుట్టవచ్చు. ఒకే బ్యాచ్‌లోని రెండు ముక్కల బలం ఒకేలా ఉండకపోవడానికీ కారణం ఇదే. షాఫ్ట్‌లో కీ కూర్చోవడానికి కోసిన గాడి (కీవే) మూలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కనుక, అక్కడి సంగతి ఇక చెప్పనక్కరలేదు.

స్లీవ్ బిగింపులో కూడా జాగ్రత్త అవసరం. వేడికి ఉక్కు డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది, అల్యూమినా 8 మాత్రమే. అందువల్ల ప్రెస్ ఫిట్ చేస్తే (సందు లేకుండా బిగుతుగా ఎక్కిస్తే) వేడెక్కిన షాఫ్ట్ లోపలి నుంచి స్లీవ్‌ను చీల్చుతుంది. కొంత సందు వదిలి, ఓ-రింగులతో (రబ్బరు వలయాలతో) కూర్చోబెట్టడం మంచిది. పంపు నీళ్లు లేకుండా తిరిగి గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీరు కారకుండా ఆపే భాగం) కాలిపోయినప్పుడు వెంటనే చన్నీళ్లు వదలకండి, వేడి స్లీవ్ ఒక్కసారిగా చల్లబడి పగులుతుంది. మేము విప్పిన పగిలిన స్లీవ్‌లలో చాలావాటికి చీలిక అంచు నుంచే మొదలై ఉంది. ఇన్ని జాగ్రత్తలు మీ యూనిట్‌లో సాధ్యం కావనిపిస్తే, ప్లాస్మా స్ప్రేతో (అతి వేడి వాయువుతో కరిగించి చల్లే పద్ధతిలో) సెరామిక్ పూత వేసిన ఉక్కు స్లీవ్ తీసుకోండి. పూత ఊడితే మళ్లీ వేయించవచ్చు.